భీమవరంలో అద్దిల్లు: రేటు తర్వాత, ముందు నీళ్లు చూడండి

హైదరాబాద్ నుంచి భీమవరం ట్రాన్స్‌ఫర్ అయింది, పది వేలలో మంచి డబుల్ బెడ్‌రూమ్ దొరుకుతుందా అని అడిగారు. దొరుకుతుందండీ. కానీ చిన్న ఊరే కదా అని ధీమాగా వస్తే నాలాగే కంగుతింటారు.

2019లో నేను వచ్చినప్పుడు గునుపూడిలో మేడమీద పోర్షన్ ఆరున్నర వేలకి ఇచ్చారు. 2022 ఏప్రిల్‌లో కొత్త జిల్లాలు వచ్చాయి, పశ్చిమ గోదావరికి భీమవరం జిల్లా కేంద్రమైంది. ఆఫీసులతో పాటు ఉద్యోగులూ దిగారు. ఆ వేసవిలోనే మా ఓనరు పైకొచ్చి, "కొత్తగా వచ్చినోళ్లు తొమ్మిదిస్తామంటున్నారు, మీరేమంటారు?" అన్నాడు. ఏమంటాం, సామాను సర్దుకున్నాం.

2024లో మళ్లీ ఇల్లు వెతికాను. పాత ఇళ్లలో పోర్షన్లు ఎనిమిది, తొమ్మిది వేలు చెప్పారు. లిఫ్టున్న అపార్ట్‌మెంట్ అయితే పన్నెండు నుంచి పద్నాలుగు, పైన మెయింటెనెన్స్ వెయ్యి. జువ్వలపాలెం రోడ్డు వైపు ఇంకా ఎక్కువ. చినఅమిరం దగ్గర ఇంజనీరింగ్ కాలేజీ ఉంది కాబట్టి అటు కుర్రాళ్లు నలుగురు కలిసి తీసుకుంటారు, ఫ్యామిలీతో వెళ్లి మనం బేరమాడలేం.

విచిత్రమేంటంటే, ఫ్లాట్లు లేక కాదు ఈ రేట్లు. నేను చూసిన వాటిలో చాలా ఫ్లాట్ల ఓనర్లు అమెరికాలోనో హైదరాబాద్‌లోనో ఉన్నారు. తాళం వాచ్‌మన్ దగ్గర. తక్కువకిచ్చే బదులు ఖాళీగా ఉంచుతారు. ఒకచోట ఫ్లాట్ నచ్చింది, తీరా చూస్తే ఒక బెడ్‌రూమ్‌కి తాళం. "అందులో అమ్మగారి సామానుందండీ, సంక్రాంతికి వస్తే అందులోనే ఉంటారు" అన్నాడు వాచ్‌మన్. అద్దె మాత్రం డబుల్ బెడ్‌రూమ్‌దే!

ఇక నీళ్లు. ఇక్కడ చాలాచోట్ల బోరు నీళ్లు ఉప్పగా ఉంటాయి. నేను మొదటింట్లో పట్టించుకోలేదు. ఏడాది తిరక్కుండానే గీజరు కాయిల్ పోయింది, స్టీలు బకెట్టు నిండా తెల్లచార కట్టింది. తాగడానికి ఇరవై లీటర్ల టిన్నులు కొనేవాళ్లం. అందుకే ఇల్లు చూసేటప్పుడు బాత్‌రూమ్ కుళాయి తిప్పి రెండు చుక్కలు నాలిక మీద వేసుకోండి. కుళాయి మొదట్లో పచ్చగా చిలుం పట్టి ఉందంటే ఇక రుచి చూడక్కర్లేదు. మున్సిపల్ కనెక్షన్ ఉందా, రోజుకి ఎంతసేపు వదులుతారు అన్నది ఓనర్ని కాదు, కింద పోర్షన్ వాళ్లని అడగండి. వేసవిలో కాలువలకి నీళ్లు ఆపేశాక ఎలా ఉంటుందో కూడా వాళ్లే చెప్తారు.

వీలైతే ఆషాఢంలో వెతకండి. శూన్యమాసమని ఎవరూ పాలు పొంగించరు, టూలెట్ బోర్డులు అలాగే వేలాడుతుంటాయి. నేను ఆషాఢంలో మాట్లాడుకుని, పద్నాలుగన్నది పన్నెండున్నరకి దించి, శ్రావణంలో దిగాను. అడ్వాన్సు రెండు నెలలు. పదకొండు నెలల అగ్రిమెంట్‌లో పెయింటింగ్ ఖర్చు ఎవరిదో రాయించండి. పాతింటాయన నా అడ్వాన్సులో సగం రంగులకే పట్టుకున్నాడు, గోడకి మేకు కూడా కొట్టలేదు నేను.

మీకు ఇన్వర్టర్ ఉంటే అక్కడ అమ్మేయకుండా తెచ్చుకోండి. జనరేటర్ ఉందని గొప్పగా చెప్తారు గానీ, మా అపార్ట్‌మెంట్‌లో అది లిఫ్టుకీ మెట్ల లైట్లకే.