బొమ్మ కారును ముందు వెల్లకిలా తిప్పండి
పాఠకుల ప్రశ్నలు – జవాబులు

ఈ నెల సంచిలో బొమ్మ కార్ల ఉత్తరాలే ఎక్కువ. అంబత్తూరు ఎస్టేటులో, కరిగిన లోహాన్ని ఉక్కు అచ్చుల్లో (వాటినే డైలంటాం) పోసే డై కాస్టింగు మెషిన్ల పక్కన ఉద్యోగం చేసి రిటైరైన నాకు ఇంతకన్నా ఇష్టమైన విషయం ఏముంటుంది! మిగతా ప్రశ్నలు వచ్చే నెల చూద్దాం.

ప్రశ్న: మా నాన్నగారు మద్రాసు హార్బరులో పనిచేసేవారు. ఆయన దాచిన బిస్కెట్ల డబ్బా మొన్న అటక మీద దొరికింది. నిండా వేలెడంత లేని లోహపు కార్లు, లారీలు. కొన్నింటి అడుగున ‘లెస్నీ, మేడిన్ ఇంగ్లండ్’ అని ఉంది. ఏ కాలానివో ఎలా తెలుస్తుంది? సబ్బు నీళ్లతో కడగొచ్చా? – ఒక పాఠకురాలు, పెరంబూరు

జవాబు: ముందు ఆ సబ్బు పక్కన పెట్టండమ్మా. నీళ్లు ఇరుసు సందుల్లోకి దిగితే మన మద్రాసు ఉప్పుగాలికి తుప్పు పట్టడానికి ఎన్నాళ్లో పట్టదు. కాగితపు స్టిక్కర్లుంటే అవీ ఊడొస్తాయి. పొడి పెయింటింగు బ్రష్షుతో దుమ్ము దులపండి, చాలు.

ఇక కారును వెల్లకిలా తిప్పి, టార్చిలైటు పైనుంచి కాకుండా పక్కనుంచి ఏటవాలుగా వేయండి. నేరుగా వేస్తే కనబడని అక్షరాలు కూడా అప్పుడు నీడ కట్టి పైకి తేలతాయి. లెస్నీ అంటే మ్యాచ్‌బాక్స్ బొమ్మలు చేసిన లండన్ కంపెనీ. అందులో భాగస్వామి జాక్ ఒడెల్ కూతురు చదివే బడిలో, అగ్గిపెట్టెలో పట్టే బొమ్మలే తేవాలని నిబంధన ఉండేదట. ఆయన ఇత్తడితో చిట్టి రోడ్డు రోలరు చేసిచ్చాడు. ఆ ఆలోచనే 1953లో నంబర్లున్న వరసగా బజారుకొచ్చి, తరవాత ఒకటి నుంచి 75 దాకా పెరిగింది. మీ వాటి అడుగునా నంబరు ఉందేమో చూడండి.

కాలం చెప్పేవి చక్రాలు. తొలి రోజుల్లో లోహపు చక్రాలు, తరవాత బూడిదరంగు ప్లాస్టిక్కు, ఆ తరవాత నల్ల ప్లాస్టిక్కు. 1968లో అమెరికా నుంచి హాట్ వీల్స్ అనే బొమ్మ కార్లు దిగి సర్రున దూసుకుపోతుంటే, లెస్నీవాళ్లకు కాళ్లకింద నేల కదిలింది. 1969లో వాళ్లూ సన్నని ఇరుసులకు మారి ‘సూపర్‌ఫాస్ట్’ అన్నారు. గచ్చు మీద తోసి చూడండి. మూరెడు దూరం పోయి చతికిలబడితే అది పాత చక్రాల బండి. గోడ దాకా పరుగెత్తితే సూపర్‌ఫాస్ట్. 1982లో లెస్నీ దివాలా తీసి చేతులు మారింది. అందుకని లెస్నీ ఊసు లేకుండా ‘మకావ్’ అని ఉన్నవి ఆ తరవాతివి.

ఒకే మోడలు రెండు రకాల చక్రాలతోనో, రెండు మూడు రంగుల్లోనో వచ్చి ఉంటుంది. తక్కువగా తయారైన రకానికే గిరాకీ. అట్టపెట్టెలు కూడా నాన్నగారు దాచి ఉంటే అటక మరోసారి వెతకండి. కొన్నింటికి పెట్టె ఖరీదు కారు ఖరీదుతో పోటీ పడుతుంది. డబ్బా మొత్తానికి ఒకే ధర చెప్పి ఎత్తుకుపోయేవాడికి మాత్రం ఇవ్వకండి.

ప్రశ్న: చిక్కపేట ఆదివారం సంతలో ఒక జాగ్వార్ కారు కొన్నాను. అచ్చం ఇంగ్లండు డింకీ టాయ్స్ లాగే ఉంది కానీ అడుగున ‘నిక్కీ టాయ్స్’ అని ఉంది. దొంగ సరుకు అంటగట్టారని మా బావగారు ఎగతాళి. – ఒక పాఠకుడు, మల్లేశ్వరం, బెంగళూరు

జవాబు: బావగారికి ఈ జవాబు చదివి వినిపించండి. లివర్‌పూల్‌లో డింకీ బొమ్మలు పోసిన ఉక్కు డైలే కొన్ని కలకత్తా చేరాయి. అక్కడ వాటిలోనే పోసి నిక్కీ పేరుతో అమ్మారు. అడుగున పేరున్న చోటును భూతద్దంతో చూడండి. పాత పేరు తీసేసి కొత్తది దిద్దిన గరుకు కనిపించొచ్చు.

అరిగిన డై అయితే దాని రెండు సగాలు కలిసే చోట లోహం సన్నని రేకులా పొంగుతుంది. దాన్ని మేం ఫ్లాష్ అంటాం. తలుపు గీతలు కూడా మొద్దుబారతాయి. నిక్కీ బళ్లలో ఇవి కనిపిస్తే కంగారు పడకండి, పెయింటు కూడా ఇంగ్లండు సరుకంత నున్నగా ఉండదు. ఇక అసలైన దొంగ సరుకు ఎలా ఉంటుందంటారా? అది బొమ్మనే నమూనాగా పెట్టి కొత్త అచ్చు తీసి పోసినది. కరిగిన లోహం చల్లారితే కుంచించుకుపోతుంది కదా, అది అసలు దానికన్నా వెంట్రుకవాసి చిన్నదవుతుంది. రెండూ పక్కపక్కన పెట్టి, వెంట్రుకవాసి తేడాను కూడా కొలిచే వెర్నియరుతో కొలిస్తే గుట్టు బయటపడుతుంది.

కలకత్తాలోనే మిల్టన్ వాళ్లు కార్గీ అనే మరో బ్రిటిష్ కంపెనీ బొమ్మల అచ్చుల్లోనూ పోశారు. మ్యాక్స్‌వెల్ అనే పేరుతో చిన్న కార్లొచ్చాయి. మన అంబాసిడర్ లాంటి బళ్లు ఇంగ్లండు వాడు మనకోసం చేసిపెడతాడా? మనవాళ్లే చేయాలి. 1985లో కాలిపోక ముందు మన మద్రాసు మూర్ మార్కెట్లో ఇలాంటివి పాత పుస్తకాల మధ్య కుప్పగా పడుండేవి. విదేశీ సరుకు మోజులో వాటిని అప్పుడెవరూ ముట్టలేదు. ఇప్పుడు వాటికోసం విదేశీయులే వెతుకుతున్నారు. నన్నడిగితే, మన దగ్గర కొత్తగా సేకరణ మొదలుపెట్టేవాళ్లు వీటితోనే మొదలుపెట్టాలి.

ప్రశ్న: తాతగారి కాలంనాటి డింకీ కారు ఒంటినిండా బీటలు. పట్టుకుంటే బిస్కెట్టులా విరుగుతోంది. ఏ జిగురు వాడాలి? – ఒక పాఠకుడు, నెల్లూరు

జవాబు: ఏ జిగురూ పనిచేయదండీ. ఈ బొమ్మలు జింకులో నాలుగు శాతం దాకా అల్యూమినియం కలిపిన మిశ్రమంతో పోస్తారు. ఆ జింకులో పిసరంత సీసం కలిసినా లోహం లోలోపలే రేణువుల మధ్య తినేసుకుంటూ పోతుంది. రెండో ప్రపంచయుద్ధానికి ముందు తయారైన వాటిలో ఇది ఎక్కువ. మా వర్క్‌షాపులో సీసం ముక్క జింకు కుంపటి దగ్గరికి తెచ్చినవాడికి ఆ రోజు తిట్లే టిఫిను. వేడి, తేమ తోడైతే ఈ చీడ తొందరగా ముదురుతుంది. కారును చల్లగా, పొడిగా ఉన్నచోట కదపకుండా పెట్టండి. పక్క కార్లకు అంటుతుందని భయపడకండి, అది అంటువ్యాధి కాదు.

ప్రశ్న: రంగు పోయిన కార్గీకి స్ప్రే పెయింటు కొట్టిస్తే విలువ పెరుగుతుందా? – ఒక పాఠకుడు, కోడంబాక్కం

జవాబు: తరుగుతుంది. మీరు ఆడుకోవడానికైతే కొట్టుకోండి, అమ్మేటప్పుడు మాత్రం కొనేవాడికి ఆ మాట చెప్పండి. కొనేవాళ్లకు ఒక గుర్తు: అడుగుపలకను బిగించిన రివెట్టు తల చూడండి. ఫ్యాక్టరీలో నొక్కినది గుండ్రంగా, చెక్కు చెదరకుండా ఉంటుంది. డ్రిల్లు పెట్టిన గుంట గానీ మర గానీ కనిపిస్తే ఎవరో విప్పారన్నమాటే. కారు పెట్టెకు రబ్బరుబ్యాండు కూడా వేయకండి. మన ఎండకు అది కరిగి అట్టకు అతుక్కుని, తీయబోతే రంగు కూడా లేచిపోతుంది.

ప్రశ్న: మా అబ్బాయి హాట్ వీల్స్ కారు అడుగున 1969 అని, పక్కనే మలేషియా అని ఉంది. లక్షలు పలుకుతుందంటున్నారు. – ఒక పాఠకురాలు, వెలచేరి

జవాబు: ఆ 1969 ఆ నమూనా పుట్టిన ఏడాది, మీ కారు పుట్టిన ఏడాది కాదమ్మా. ‘ట్విన్ మిల్’ లాంటి మోడలు 1969లో మొదలై ఇప్పటికీ మళ్లీ మళ్లీ వస్తూనే ఉంది. తొలినాటి హాట్ వీల్స్ అమెరికాలో, హాంకాంగ్‌లో తయారయ్యేవి. 1977 దాకా వచ్చిన వాటి చక్రాల మీద ఎర్రగీత ఉండేది. ఎర్రగీతలున్న కార్లు కొత్తగా కూడా వస్తున్నాయి, కాబట్టి ఒక్క గీత చూసి సంబరపడిపోకూడదు. మలేషియా అని ఉందంటే నిశ్చింతగా అబ్బాయికి ఇచ్చేయండి, ఆడుకోనివ్వండి.