తెరచాపలో ఎన్ని రంగులు

చిరంజీవికి ఆశీస్సులు.

అమ్మాయీ, స్పెయిన్ చిత్రకారుడు హోవాకిన్ సొరోయా మీద నువ్వు పంపిన వ్యాసం రెండుసార్లు చదివాను. చాలా కష్టపడ్డావు. 1863లో వలెన్సియాలో పుట్టడం, రెండేళ్లకే కలరా వచ్చి అమ్మానాన్నా ఇద్దరూ పోవడం, రోమ్ చదువు, పారిస్ బహుమతి, అన్నీ వరసగా చెప్పావు. కానీ కాగితాలు పక్కన పెట్టాక ఒక్క బొమ్మ కూడా నా కళ్లముందు నిలవలేదు. “తెల్లని తెరచాప” అని రాశావు చూడు, అక్కడే నాకు దిగులేసింది.

1896 నాటి ఆ ‘తెరచాప కుట్టడం’ బొమ్మని స్క్రీన్ మీద బాగా పెద్దది చేసి చూడు. అసలు బొమ్మ వెనిస్‌లో ఉంది, మూడు మీటర్ల వెడల్పు. పూలకుండీల మధ్య కూర్చుని ఆడవాళ్లు గుడ్డ కుడుతుంటారు. ఆ గుడ్డ మడతలు పడుతూ బొమ్మంతా పరుచుకుని ఉంటుంది. అందులో తెలుపు ఎక్కడుందో వేలు పెట్టి చూపించు. నీడలో ఊదా, నీలం. ఆకుల దగ్గర పచ్చ ఛాయ. ఎండ తగిలినచోట పసుపు. నీ వాక్యంలోంచి ‘తెల్లని’ తీసేసి, ఇవి రాయి.

ఇంకోటి. ఆయన్ని ఎండ చిత్రకారుడని ఒక్కమాటలో తేల్చేశావు. 1899లో అదే వలెన్సియా ఒడ్డున ‘విషాద వారసత్వం’ వేశాడు కదమ్మా! సముద్రస్నానానికి తెచ్చిన అవిటి పిల్లలు, చంకకర్రల మీద నడిచే పిల్లవాణ్ణి పట్టుకున్న నల్ల అంగీ సన్యాసి, వెనక ముదురు నీళ్లు. పారిస్‌లో 1900లో పెద్ద బహుమతి వచ్చింది దీనికే. బహుమతి చెప్పి బొమ్మని వదిలేస్తే ఎలా?

1909 న్యూయార్క్ ప్రదర్శనకి నెలరోజుల్లో లక్షా అరవై వేలమంది వచ్చారని ఒక పేజీ రాశావు. ఒక్క వాక్యం చాలు. ఆ పేజీ చివరి ఏళ్లకి ఇవ్వు. న్యూయార్క్‌లో స్పెయిన్ కళల మ్యూజియం ఉన్న హిస్పానిక్ సొసైటీ కోసం స్పెయిన్ ప్రాంతాల మీద 14 పెద్ద చిత్రాలు వేస్తానని 1911లో ఒప్పుకున్నాడు. అప్పటికే పేరూ డబ్బూ వచ్చేశాయి. అయినా 1912 నుంచి 1919 దాకా సెవిల్, గలీసియా, ఎల్చే అంటూ ఊరూరా తిరిగి అక్కడి మనుషుల్ని ఎదురుగా నిలబెట్టుకుని వేశాడు. ఇంటికి దూరంగా ఉంటూ భార్య క్లోటిల్డేకి ఉత్తరాలు రాస్తూనే ఉన్నాడు. ఆఖరిది 1919లో అయామోంతే అనే ఊళ్లో పూర్తయింది: పందిరి నీడలో నేలమీద పరిచిన పెద్ద పెద్ద ట్యూనా చేపలు. మరుసటి ఏడాదే మాడ్రిడ్‌లో తన తోటలో ఒకావిడ బొమ్మ వేస్తుండగా పక్షవాతం వచ్చింది. 1923లో పోయాడు. ఆ 14 చిత్రాలున్న గదిని జనానికి తెరిచింది 1926లో. ఆయన చూడలేదు.

ఇది చదివి నాకు చాలాసేపు ఏమీ తోచలేదు. నీ వ్యాసంలో “ఆరోగ్యం క్షీణించింది” అని రెండు మాటలే ఉన్నాయి.

తిరగరాయి. తెరచాపతోనే మొదలుపెట్టు. తొందరేం లేదు, పండక్కి మీ ఊరొచ్చినప్పుడు పట్టుకురా, ఇద్దరం కూర్చుని చూద్దాం.

మీ మాస్టారు