ర్యామ్ మార్చబోయే మేనకోడలికి

చిరంజీవి మేనకోడలికి మామయ్య ఆశీస్సులు.

ఇంటి కంప్యూటర్ బాగా నెమ్మదించిందనీ, బ్రౌజర్ తెరిచి ఉంచి ట్యాలీ లెక్కల సాఫ్ట్‌వేర్‌లో పని మొదలుపెడితే హ్యాంగ్ అవుతోందనీ, ర్యామ్‌ను, అంటే నడుస్తున్న పనిని కంప్యూటర్ తాత్కాలికంగా ఉంచుకునే మెమరీని, నువ్వే పెంచుకోవాలనుకుంటున్నావనీ మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. తప్పకుండా చెయ్యి. సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని సీటీసీ కంప్యూటర్ మార్కెట్‌లో పాతికేళ్లు ఈ పనే చేసినవాడిగా చెబుతున్నాను, క్యాబినెట్ తెరిచి చేసే పనుల్లో ఇంతకంటే తేలికైనది లేదు. అయితే స్టిక్ (ర్యామ్ చిప్పులుండే సన్నని పలక) బిగించేటప్పటి కంటే దానిని కొనేటప్పుడే ఎక్కువమంది పొరబడతారు కాబట్టి ముందుగా ఆ సంగతి రాస్తాను.

అసలు కొరత ర్యామ్‌దేనా అన్నది తేల్చుకో. రోజూ తెరిచేవన్నీ తెరిచి ఉంచి, టాస్క్ మేనేజర్‌లో పెర్ఫార్మెన్స్ కింద మెమరీని చూడు. అది ఎనభై తొంభై శాతం దగ్గరే నిలిచిపోతే కొరత నిజమే. పక్కనే డిస్క్ కూడా నూరు శాతం చూపించవచ్చు. అది చూసి హార్డ్ డిస్క్ పాడైందనుకోవద్దు, ర్యామ్‌లో చోటు చాలనప్పుడు విండోస్ ఆ భారాన్ని డిస్క్ మీదికే నెడుతుంది. మెమరీ సగం ఖాళీగా ఉండి డిస్క్ ఒక్కటే నూరు శాతంలో ఉంటే మాత్రం ర్యామ్‌కు డబ్బు పెట్టకు, అదే డబ్బుతో హార్డ్ డిస్క్ కంటే వేగంగా పనిచేసే ఎస్ఎస్‌డీ వేయించు.

నువ్వు పంపిన ఫోటోను బట్టి మీది హెచ్110 రకం మదర్‌బోర్డు, ఆరో తరం ఇంటెల్ ఐ3 ప్రాసెసర్. ర్యామ్ దిగే రెండు స్లాట్లలో ఒకదానిలో 4 జీబీ స్టిక్ ఉంది. ఇదే హెచ్110లో డీడీఆర్3 అనే పాత తరం ర్యామ్ స్లాట్ల బోర్డులూ, డీడీఆర్4 అనే తరువాతి తరం స్లాట్ల బోర్డులూ రెండూ వచ్చాయి కాబట్టి, బోర్డు పేరు మాత్రమే చెప్పి స్టిక్ అడగవద్దు. ఉన్న స్టిక్‌ను బయటకు తీసి దాని స్టిక్కర్ చదువు. డీడీఆర్3కు 240 పిన్నులు, డీడీఆర్4కు 288. మధ్యలోని గాడి కూడా వేర్వేరు చోట్ల ఉంటుంది, కాబట్టి ఒకటి మరొకదానిలో దిగదు. ల్యాప్‌టాప్ ర్యామ్ పొడవు తక్కువ, అది మీ బోర్డుకు పనికిరాదు. దుకాణంలో 3200 వేగం స్టిక్ చేతికిస్తే భయపడకు, మీ ప్రాసెసర్ దానిని 2133 వేగంతోనే నడిపిస్తుంది; ఆ వేగం కోసం అదనంగా డబ్బు ఇవ్వడం మాత్రం అనవసరం.

ఎంత కొనాలన్న విషయంలో నా అభిప్రాయం స్పష్టం: ఒక 8 జీబీ స్టిక్ చాలు. పాతది 4, కొత్తది 8 అయినా రెండూ కలిసి పనిచేస్తాయి. రెండింటిలోనూ 4 జీబీ మేరకు జంటగా వేగంగా నడిచి, మిగిలిన 4 జీబీ ఒంటరిగా నడుస్తుంది. ఆ బోర్డు 32 జీబీ వరకు తీసుకుంటుంది గానీ, ఆరో తరం ప్రాసెసర్‌ను విండోస్ 11 అధికారికంగా అంగీకరించదు కాబట్టి ఈ యంత్రం మీద అంత ఖర్చు నేను పెట్టను. ఇంకొకటి: విండోస్ 32 బిట్‌ది అయితే ఎంత ర్యామ్ వేసినా 4 జీబీకి మించి వాడుకోలేదు. సెట్టింగ్స్‌లో సిస్టమ్ టైప్ చూసుకున్న తరువాతే దుకాణానికి వెళ్లు.

ఇక బిగించడం. షట్‌డౌన్ చేసినంత మాత్రాన బోర్డులో కరెంటు పోదు, స్టాండ్‌బై కోసం కొంత పారుతూనే ఉంటుంది. మీ ఇంట్లో యూపీఎస్ ఉంది కనుక గోడ స్విచ్ ఆపినా లాభం లేదు. క్యాబినెట్ వెనుక ఎస్ఎంపీఎస్‌కు (లోపలి భాగాలకు కరెంటు అందించే పెట్టెకు) ఉన్న వైరునే లాగేసి, ఆపైన పవర్ బటన్‌ను పది సెకన్లు నొక్కి పట్టుకో. పాలిస్టర్ బట్టలు వద్దు, తివాచీ మీద కూర్చోవద్దు. మన వేలికి చురుక్కుమనాలంటే సుమారు మూడు వేల వోల్టుల స్థిర విద్యుత్తు కావాలి, చిప్పు దెబ్బతినడానికి అందులో కొద్ది భాగం చాలు. అందుకే స్టిక్ ముట్టుకునే ముందు ప్రతిసారీ క్యాబినెట్‌లో రంగు వేయని లోహాన్ని తాకు. స్టిక్‌ను అంచులతోనే పట్టుకో, బంగారు రంగు పిన్నులను తాకకు.

క్యాబినెట్‌ను పక్కకు పడుకోబెట్టి, స్లాట్ చివర ఉన్న క్లిప్పును వెనక్కి వంచు; కొన్ని బోర్డుల్లో ఒకవైపే క్లిప్పు ఉంటుంది. గాడి సరిచూసుకుని, రెండు బొటనవేళ్లతో రెండు చివరలా సమంగా నొక్కు. క్లిప్పు తనంత తానే టక్కుమని లేచి పట్టుకోవాలి, దానిని వేలితో మూయకూడదు. బోర్డు కాస్త వంగినట్టు అనిపించినా కంగారుపడకు. పని నేర్చుకున్న కొత్తలో నేను ఒక చివర మాత్రమే దిగిన స్టిక్‌తో స్విచ్ వేసి, ఒక కస్టమర్ స్టిక్‌నూ స్లాట్‌నూ రెండింటినీ కాల్చాను. ఆ రోజు నుంచి రెండు చివరలూ ఒకే ఎత్తులో ఉన్నాయో లేవో కళ్లు దించి పక్కనుంచి చూడకుండా స్విచ్ వేయలేదు, నువ్వూ వేయకు.

తెర వెలగకుండా బీప్‌లు వినిపిస్తే స్టిక్ సరిగా కూర్చోలేదని అర్థం. కరెంటు తీసి మళ్లీ బిగించు. పాత స్టిక్ పిన్నులు మసకబారి ఉంటే మెత్తని తెల్ల రబ్బరుతో సున్నితంగా తుడిచి, రబ్బరు పొట్టు స్లాట్‌లో పడకుండా దూరంగా దులుపు. నోటితో ఊదవద్దు, తుంపరలు పడతాయి. అప్పటికీ రాకపోతే ఒక్కొక్క స్టిక్‌నే వేసి చూడు, లోపం దేనిలో ఉందో తేలుతుంది.

తెర వచ్చి 12 జీబీ కనిపించినంతనే పని అయిందనుకోకు. పెన్‌డ్రైవ్‌లో ర్యామ్‌ను పరీక్షించే మెమ్‌టెస్ట్86+ ప్రోగ్రామ్ వేసుకుని, దానితోనే కంప్యూటర్ ఆన్ చేసి, ఆ రాత్రంతా పరీక్ష నడవనివ్వు. తెల్లవారేసరికి ఒక్క తప్పు చూపించినా, పాత స్టిక్ తీసి కొత్తదానిని ఒంటరిగా మరోసారి పరీక్షించు. తప్పు దానిదేనని తేలితే ఆలస్యం చేయకుండా బిల్లుతో సహా దుకాణానికి తీసుకువెళ్లి మార్పించు. ట్యాలీ డేటా బ్యాకప్‌ను మాత్రం క్యాబినెట్ తెరవడానికి ముందే తీసి పెట్టుకో.

ఆదివారం ఉదయం మొదలుపెడితే నేను ఫోన్ దగ్గరే ఉంటాను.

మీ మామయ్య