పెట్టె సర్దే ముందు టికెట్ చదవండి

మామిడికాయ పచ్చళ్ల రోజులు కదా, ఈసారి వచ్చిన ఉత్తరాల్లో చాలా వరకు విమానంలో లగేజీ గురించే ఉన్నాయి. "ఫలానా ఎయిర్‌లైన్స్‌లో ఎన్ని కిలోలు ఇస్తారు?" అని చాలామంది అడిగారు. ఆ ప్రశ్నకు ఒక్క జవాబు ఉండదు. ఒకే విమానంలో, పక్కపక్క సీట్లలో కూర్చున్న ఇద్దరికి వేర్వేరు లగేజీ ఉండొచ్చు. ఎందుకంటే లగేజీ మీరు కొన్న టికెట్ రకాన్ని బట్టి, వెళ్లే దేశాన్ని బట్టి ఇస్తారు. అందుకే ప్రతి జవాబులోనూ మీ ఈ-టికెట్ కాగితం తీసి చూడమనే చెప్తాను.

ప్రశ్న: మా అమ్మాయి షికాగోలో ఉంటుంది. డెలివరీకి సాయంగా నేను, మావారు వెళ్తున్నాం. ఢిల్లీ నుంచి షికాగోకి టికెట్లు తనే తీసింది. ఒక్కొక్కరికి రెండు పెట్టెలు, ఒక్కోటి 23 కిలోలు అని చెప్పింది. గన్నవరం నుంచి ఢిల్లీకి వేరేగా కొనుక్కుంటే తక్కువలో వస్తుందని మా తమ్ముడు అంటున్నాడు. కొనమంటారా? ఆవకాయ, పొడులు, ఎండు కొబ్బరి పట్టుకెళ్లొచ్చా?
— ఒక పాఠకురాలు, తెనాలి

జవాబు: ఇంకా కొనలేదు కదా, అయితే ఆగండమ్మా, ముందు ఈ లెక్క చూడండి. మీ ఇద్దరికీ కలిపి షికాగో టికెట్ మీద నాలుగు పెట్టెలు, అంటే 92 కిలోలు. గన్నవరం–ఢిల్లీ టికెట్ విడిగా కొంటే ఆ విమానం వాళ్ల దృష్టిలో మీరు ఢిల్లీకి వెళ్లే మామూలు ప్రయాణికులే, ఎకానమీలో సాధారణంగా మనిషికి 15 కిలోలు ఇస్తారు. ఇద్దరికీ 30. మిగతా 62 కిలోలకు డబ్బు కట్టాలి. కిలోకి 500 వేసుకున్నా 31,000 రూపాయలు. టికెట్‌లో మిగిలే రెండు మూడు వేలు ఏ మూలకి వస్తాయి?

అదే గన్నవరం నుంచి షికాగో దాకా ఒకే టికెట్‌గా, ఒకే పీఎన్ఆర్ మీద ఉంటే మొదటి విమానంలోనూ ఆ రెండేసి పెట్టెలే వర్తిస్తాయి. అమెరికాకు వెళ్లే, అమెరికా నుంచి వచ్చే టికెట్ల విషయంలో అక్కడి రవాణా శాఖ రూలే ఉంది, ఒక టికెట్ మీద మొదటి విమానం నుంచి చివరి విమానం వరకు లగేజీ లెక్క ఒకటే ఉండాలని. ఇంకో లాభం, గన్నవరంలో వేసిన పెట్టెలను షికాగోలోనే తీసుకోవచ్చు. విడి టికెట్లయితే ఢిల్లీలో బెల్టు దగ్గర నాలుగు పెట్టెలూ దించుకుని, ట్రాలీల మీద పెట్టుకుని మళ్లీ ఇంటర్నేషనల్ కౌంటర్ క్యూలో నిలబడాలి. పైగా మొదటి విమానం లేటై రెండోది తప్పిపోతే, మీ టికెట్లు వేరు కాబట్టి మాకు సంబంధం లేదంటారు. ఈ వయసులో ఆ టెన్షన్ మీకెందుకు? మీ అమ్మాయికి ఫోన్ చేసి, ఉన్న టికెట్‌ను గన్నవరం నుంచి మార్చడానికి ఎంతవుతుందో కనుక్కోమనండి. కుదరకపోతే, ముందుకి అమెరికా టికెట్ ఉందని చూపిస్తే ఏమైనా ఎక్కువ బరువు ఇస్తారేమో దేశీయ విమానం వాళ్లను కొనేముందే అడగండి, ఇస్తామంటే మెయిల్‌లో రాయించుకోండి. అదీ కాదంటే తెనాలి నుంచి కారు మాట్లాడుకుని శంషాబాద్ వెళ్లి అక్కడి నుంచి షికాగో దాకా ఒకే టికెట్ చూసుకోవడం నయం.

కౌంటర్‌లో బోర్డింగ్ పాసుతో పాటు బ్యాగు ట్యాగు చీటీలు ఇస్తారు కదా, వాటి మీద పెద్ద అక్షరాల్లో ఏ ఊరి కోడ్ ఉందో అక్కడే నిలబడి చూడండి. షికాగోకి ఓఆర్‌డీ అని ఉండాలి. ఢిల్లీ కోడ్ డీఈఎల్ ఒక్కటే ఉంటే పెట్టెలు అక్కడిదాకానే వెళ్తున్నాయని అర్థం, వెంటనే అడగండి.

ఇక 23 అంటే 23 అనే అనుకోండి. ఒక పెట్టె 26, ఇంకోటి 20 ఉన్నాయి, మొత్తం 46 లెక్క సరిపోయింది కదా అంటే కుదరదు. అమెరికా టికెట్లలో పెట్టెల సంఖ్య లెక్క నడుస్తుంది, ప్రతి పెట్టెనీ విడిగా తూస్తారు, దాటిన దానికి ఓవర్‌వెయిట్ ఫీజు వేస్తారు. అది కిలోల లెక్కన కాకుండా పెట్టెకింత అని ఉంటుంది కాబట్టి ఒకటి రెండు కిలోలకే పెద్ద మొత్తం పడుతుంది. 32 కిలోలు దాటిన పెట్టెనైతే డబ్బిచ్చినా సాధారణంగా తీసుకోరు, ఎత్తేవాళ్ల నడుములు కాపాడటానికి పెట్టిన రూలది, న్యాయమైనదే. సైజు కూడా చూస్తారు, పొడవు, వెడల్పు, ఎత్తు కలిపితే 158 సెంటీమీటర్లు మించకూడదు. ఖాళీ సూట్‌కేసే నాలుగైదు కిలోలు తూగుతుందని మర్చిపోవద్దు. చేత్తో పట్టుకుని వేలాడదీసే చిన్న తూకం మిషన్ ఇంట్లో పెట్టుకోండి, వచ్చేటప్పుడూ పనికొస్తుంది. అక్కడి తూకాల్లో పౌండ్లు కనిపిస్తాయి, 50 పౌండ్లు దాటకుండా సర్దుకోండి.

ఆవకాయ పట్టుకెళ్లండి, కానీ చెక్-ఇన్ పెట్టెలోనే. చేతి సంచిలో పెడితే సెక్యూరిటీ దగ్గర పచ్చడి, నెయ్యి, కారం పొడి తీసి పక్కన పడేస్తారు. ఇంట్లో సీసాల్లో పెట్టి గుడ్డ చుట్టడం కంటే, స్వగృహ ఫుడ్స్ షాపుల్లో విదేశాలకని అడిగితే గాలి తీసి మందపాటి కవర్లలో సీల్ చేసి ఇస్తారు, నూనె కారదు, సీసా బరువూ తప్పుతుంది. ఎండు కొబ్బరి మాత్రం వద్దు. నూనె ఎక్కువ కావడం వల్ల తనంతట తాను వేడెక్కి అంటుకునే సరుకుల జాబితాలో ఉంది, చెక్-ఇన్ స్కానర్‌లో కనిపిస్తే మిమ్మల్ని పిలిపించి పెట్టె తెరిపిస్తారు. చికెన్ పచ్చడి, మటన్ పచ్చడి, పచ్చి కరివేపాకు అమెరికా కస్టమ్స్ వాళ్లు రానివ్వరు. కరివేపాకు రెబ్బలతో నిమ్మజాతి తోటల్ని దెబ్బతీసే పురుగు వస్తుందని వాళ్ల భయం, అది ఉత్త భయం కాదు కూడా. తిండి పదార్థాలు ఉన్నాయా అని అడిగితే ఉన్నాయనే చెప్పండి. దాస్తేనే జరిమానా.

ప్రశ్న: దుబాయ్‌లో పనిచేస్తున్నాను, రెండేళ్ల తర్వాత ఊరికి వస్తున్నాను. టికెట్‌లో 30 కేజీ అని ఉంది. దుప్పట్లు మూట కట్టి, ఇంకో అట్టపెట్టె తెద్దామనుకుంటున్నా. పక్క రూమ్ అన్నకు కొంచెం బరువు తక్కువుంది, నా సామాన్లు ఆయన లెక్కలో వేసుకోవచ్చా?
— ఒక పాఠకుడు, జగిత్యాల జిల్లా

జవాబు: మీ టికెట్ బరువు లెక్కది. 30 కేజీలను ఒకటి, రెండు పెట్టెలుగా పంచుకోవచ్చు, మొత్తమే చూస్తారు. కొన్ని సంస్థలు ఎన్ని బ్యాగులనే పరిమితి కూడా పెడతాయి, టికెట్‌లో అది చూసుకోండి.

మూట మాత్రం వద్దు. దుబాయ్ ఎయిర్‌పోర్టులో 2017 నుంచి రూలుంది, ప్రతి బ్యాగుకీ కనీసం ఒక పక్కన చదునైన భాగం ఉండాలి, గుండ్రంగా, వంకరటింకరగా ఉన్నవి బెల్టుల్లో ఇరుక్కుంటున్నాయని తీసుకోరు. అక్కడికక్కడే డబ్బులిచ్చి డబ్బాలో మళ్లీ ప్యాక్ చేయించుకోవాల్సి వస్తుంది. దుప్పట్లు కావాలంటే చదరంగా మడిచి గట్టి అట్టపెట్టెలో పెట్టి టేపు వేయండి.

అన్న లెక్కలో వేసే మాట: ఇద్దరి పేర్లూ ఒకే పీఎన్ఆర్‌లో ఉండి కలిసి చెక్-ఇన్ చేస్తే బరువు కలిపి చూసే సంస్థలు ఉన్నాయి. వేర్వేరు టికెట్లయితే లెక్క కలవదు. మీ సామాన్లు ఆయన పేరు మీద వేస్తే, కస్టమ్స్‌లో ఏ ప్రశ్న వచ్చినా జవాబు చెప్పాల్సింది ఆయనే, ఎందుకంటే ట్యాగు మీద ఆయన పేరుంటుంది. బరువు చాలకపోతే ప్రయాణానికి ముందే ఆన్‌లైన్‌లో అదనపు కిలోలు కొనండి, కౌంటర్ దగ్గరకంటే తక్కువ పడుతుంది.

మీరు అడగలేదు కానీ ఇది చెప్పకుండా ఉండలేను. తిరిగి దుబాయ్ వెళ్లేటప్పుడు ఊళ్లోవాళ్లు "మావాడికి ఈ పార్సెల్ ఇయ్యి" అని తెస్తారు. ఎంత దగ్గరివాళ్లయినా సరే, విప్పి చూడకుండా పెట్టెలో పెట్టకండి. మన వంటింట్లో మసాలాకు వాడే గసగసాలు అక్కడ నిషేధం. ట్రమడాల్ లాంటి నొప్పి మాత్రలు అనుమతి లేకుండా తీసుకెళ్తే కేసవుతుంది. తెలియక తెచ్చానంటే వినరు. మొహమాటానికి పోయి ఉద్యోగం, స్వేచ్ఛ రెండూ పోగొట్టుకోవద్దు, దయచేసి.

ప్రశ్న: చేతి సంచి 7 కిలోలంటారు కదా, ల్యాప్‌టాప్ బ్యాగు అందులోనేనా?
— ఒక పాఠకుడు, హైదరాబాద్

జవాబు: సంస్థను బట్టి. ఇండిగోలో 7 కిలోల బ్యాగుతో పాటు చిన్న ల్యాప్‌టాప్ బ్యాగో, లేడీస్ పర్సో 3 కిలోల వరకు ఒప్పుకుంటారు. ఇంకొన్ని చోట్ల రెండూ కలిపే 7. పవర్ బ్యాంకు, విడి బ్యాటరీలు మాత్రం ఎక్కడైనా చేతి సంచిలోనే ఉండాలి. గేటు దగ్గర మీ బ్యాగును కిందకి పంపుతామంటే అవి తీసేశాకే ఇవ్వండి. మరో మాట, అన్నిటికంటే చవకగా కనిపించిన టికెట్‌లో చెక్-ఇన్ లగేజీ అసలు లేకపోవచ్చు. ఎయిర్ ఇండియా ఎక్స్‌ప్రెస్ 'లైట్' టికెట్ అలాంటిదే. చేతి సంచితో వెళ్లొచ్చేవారికి అది మంచి బేరం, పెళ్లికి వెళ్లేవారికి కాదు.

ప్రశ్న: మా అబ్బాయి ఆగస్టులో ఎమ్మెస్ చదవడానికి అమెరికా వెళ్తున్నాడు. స్టూడెంట్లకు ఎక్కువ లగేజీ ఇస్తారట, నిజమేనా?
— ఒక పాఠకురాలు, వరంగల్

జవాబు: నిజమేనండి, కానీ కొనేటప్పుడే 'స్టూడెంట్' అని ఎంచుకుని తీసిన టికెట్‌కే ఇస్తారు. మామూలు టికెట్ కొని కౌంటర్‌లో వీసా, ఐ-20 (అక్కడి యూనివర్సిటీ ఇచ్చే పత్రం) చూపిస్తే రాదు. ఎయిర్ ఇండియాలో రూటును బట్టి 10 కిలోలో, ఒక పెట్టో ఎక్కువ వస్తుంది. ట్రావెల్ ఏజెంట్ "చేయించేశాను" అంటే ఊరుకోకండి, ఈ-టికెట్ కాగితంలో బ్యాగేజీ అన్నచోట '3పీసీ' (అంటే మూడు పెట్టెలు) అని ఉందో '2పీసీ' అని ఉందో మీ కళ్లతో చూడండి. అమెరికాలో దిగాక ఇంకో ఊరికి లోపలి విమానం ఉంటే దాన్నీ ఇదే టికెట్‌లో ఉంచండి. విడిగా కొంటే అక్కడి దేశీయ విమానాల్లో ఎక్కువ వాటిలో మొదటి పెట్టెకే డబ్బు అడుగుతారు. రెండు పెట్టెలు ఉచితమని పేరున్న సౌత్‌వెస్ట్ కూడా 2025 మే నుంచి డబ్బు తీసుకుంటోంది. దిగిన మొదటి ఊళ్లో పెట్టెలు తీసుకుని, కస్టమ్స్ దాటి, మళ్లీ బెల్టు మీద వేయాలని అబ్బాయికి చెప్పండి. ట్యాగు చివరి ఊరికి ఉన్నా సరే, సాధారణంగా అది చేయాల్సిందే.

ప్రశ్న: పెట్టె రాకపోతే ఏం చేయాలి?
— ఒక పాఠకుడు, విశాఖపట్నం

జవాబు: బయటకు రాకండి. బెల్టు పక్కనే ఉండే బ్యాగేజీ కౌంటర్‌లో పీఐఆర్ అనే ఫిర్యాదు రాయించి, ఆ నంబరు తీసుకున్నాకే ఎయిర్‌పోర్టు దాటండి. ఇంటికెళ్లి మెయిల్ పెడదాంలే అనుకుంటే మీ మాటకు బలం తగ్గుతుంది. అంతర్జాతీయ ప్రయాణాల్లో పెట్టె దెబ్బతింటే 7 రోజుల్లోగా, ఆలస్యంగా వస్తే చేతికొచ్చిన 21 రోజుల్లోగా రాతపూర్వకంగా ఫిర్యాదు చేయాలి. మాంట్రియల్ ఒప్పందం ప్రకారం 2024 డిసెంబర్ చివరి నుంచి పరిహారం గరిష్ఠంగా 1,519 ఎస్‌డీఆర్‌లు (అంతర్జాతీయ ద్రవ్యనిధి లెక్కల్లో వాడే యూనిట్లు), సుమారు 2,000 డాలర్లు. అది పై హద్దు మాత్రమే, అంతా చేతిలో పెడతారని కాదు. పెట్టె వచ్చేలోపు తప్పనిసరిగా కొన్న బట్టలు, మందుల బిల్లులు దాచి ఇవ్వండి. బంగారం, సర్టిఫికెట్లు, రోజూ వేసుకునే బీపీ, షుగర్ మాత్రలు చెక్-ఇన్‌లో అసలు వేయకండి. మూత వేసే ముందు పెట్టెకి లోపల, బయట ఫోన్‌తో రెండు ఫొటోలు తీయండి. కౌంటర్‌లో వాళ్లు మొదట అడిగేవి రంగు, కంపెనీ, లోపల ఏమున్నాయి అనే.