నవంబరులో వచ్చే గేమ్ కోసం సంక్రాంతికే పీఎస్5 ఎందుకు?

ఈ వారం టెక్ సందేహాలకు వచ్చిన మెయిళ్లన్నీ ముందేసుకుని కూర్చుంటే సగానికి పైగా ఒకే గేమ్ చుట్టూ తిరుగుతున్నాయి, జీటీఏ 6, అంటే గ్రాండ్ థెఫ్ట్ ఆటో ఆరో భాగం. ప్రింటర్ పేపర్ లాగడం లేదు, వాట్సాప్ బ్యాకప్ కనిపించడం లేదు అని రాసినవాళ్లు ఏమీ అనుకోకండి, మీ సంగతి వచ్చే వారం చూద్దాం. 2026లో రాబోయే గేములేంటి, వాటికోసం జేబులోంచి ఎంత తీయాలి, అసలు తీయాలా వద్దా, ఈసారికి అదే.

*జీటీఏ 6 నవంబరులో వస్తోంది కదా సర్. పండగ ఆఫర్లలో పీఎస్5 (టీవీకి తగిలించి గేములాడే సోనీ కన్సోల్, ప్లేస్టేషన్ 5) కొనేద్దామనుకుంటున్నా. ఇప్పటిదాకా నాకు ఏ కన్సోలూ లేదు. ఆగితే రేటు పెరుగుతుందని ఫ్రెండ్స్ తొందర పెడుతున్నారు. (పటమట, విజయవాడ)*

ఆ ఒక్క గేమ్ కోసమే అయితే ఇప్పుడు కొనకండి. దీన్ని ముందు 2025లో తెస్తామన్నారు, తర్వాత 2026 మే 26 అన్నారు, ఆ మే కూడా పోయి ఇప్పుడు నవంబరు 19 అంటున్నారు. రెండుసార్లు వాయిదా పడ్డ ముహూర్తాన్ని నమ్ముకుని యాభై వేలు పైన పెట్టి ఒక పెట్టె తెచ్చి టీవీ కింద పెట్టుకోవడం దేనికి? ఈ గేమ్ తీసే రాక్‌స్టార్ కంపెనీ వాళ్లకిది కొత్త కాదు. వాళ్లదే రెడ్ డెడ్ రిడెంప్షన్ 2 గేమ్ కూడా ఇలాగే రెండుసార్లు జరిగి చివరికి 2018 అక్టోబరు 26న వచ్చింది. అయితే మూడోసారి చెప్పిన తేదీని మాత్రం వాళ్లు నిలబెట్టుకున్నారు, కాబట్టి ఈ నవంబరు మీద నాకు కొంచెం ఆశ ఉంది. ఆశ ఉంటే ఎదురుచూస్తాం, దానికోసం ఈఎంఐ కట్టం కదా.

ఎవరూ లెక్కలోకి తీసుకోని ఇంకో సంగతుంది, వారంటీ. మన దగ్గర పీఎస్5కి ఏడాది వారంటీ. ఈ జనవరిలో కొంటే మీరు జీటీఏ 6 మొదలుపెట్టే రోజుకి మిగిలేది రెండు నెలలు, అంటే మెషీన్‌ని గట్టిగా వాడటం మొదలయ్యేసరికి భరోసా అయిపోవచ్చినట్టే. పైగా ఈ ఏడాది దసరా అక్టోబరు 20న, దీపావళి నవంబరు 8న. పండగ సేల్స్ అన్నీ సరిగ్గా గేమ్ రావడానికి ముందే పడుతున్నాయి. ఇంతకన్నా అనుకూలమైన క్యాలెండర్ ఏ కంపెనీ మనకోసం వేసి పెడుతుంది?

రేట్ల విషయంలో మాత్రం మీ ఫ్రెండ్స్ మాట కొట్టిపారేయలేను. పాత రోజుల్లో కన్సోల్ వచ్చిన నాలుగైదేళ్లకు చవకయ్యేది. ఈసారి కథ తిరగబడింది. 2021 ఫిబ్రవరిలో మన దేశంలో అమ్మకానికి వచ్చినప్పుడు డిస్క్ మోడల్ (గేమ్ డిస్కులు పెట్టుకోగలిగేది) 49,990 రూపాయలు, మరుసటి ఏడాదే 54,990కి ఎక్కింది. ఇప్పుడు ఏఐ డేటా సెంటర్లు మెమరీ చిప్‌లు ఊడ్చుకుపోతుండటంతో ర్యామ్ ధరలు మండిపోతున్నాయి, ఆ సెగ కన్సోళ్లకు తగలదని ఎవరూ హామీ ఇవ్వలేరు. అందుకని నా లెక్క ఇది: స్పైడర్‌మ్యాన్, గాడ్ ఆఫ్ వార్ లాంటివి ఇంకా ఆడనివాళ్లైతే, ఈ పది నెలలూ వాటితో గడిచిపోతుందనుకుంటే, మంచి ఆఫర్ కనబడిన రోజే తెచ్చుకోండి. కొన్నాక నవంబరు దాకా దాని మీద దుమ్ము పడటం తప్ప పనేమీ లేదంటే దసరా దాకా ఆగండి. నాలుగు వేలు పెరిగినా పెరగనివ్వండి, ఆ వారంటీ విలువ కూడా డబ్బే.

*అన్నా, నా లాప్‌టాప్‌లో జీటీఎక్స్ 1650 గ్రాఫిక్స్ కార్డు, 8 జీబీ ర్యామ్ ఉంది. జీటీఏ 6 లో సెట్టింగ్స్‌లో అయినా నడుస్తుందా? ఈ ఏడాది వచ్చే మిగతా గేమ్స్ పరిస్థితేంటి? (కానూరు, బీటెక్)*

తమ్ముడూ, లో సెట్టింగ్స్ దాకా కూడా పోనక్కర్లేదు, అసలు జీటీఏ 6 పీసీకి ప్రకటించనే లేదు. నవంబరు 19 అన్నది పీఎస్5, ఎక్స్‌బాక్స్ సిరీస్ ఎక్స్, ఎస్‌లకు మాత్రమే. జీటీఏ 5 కన్సోల్స్‌కి 2013 సెప్టెంబరులో వస్తే పీసీకి వచ్చింది 2015 ఏప్రిల్‌లో. రెడ్ డెడ్ 2కి ఏడాది పైన పట్టింది. అదే వరసలో పోతే పీసీ వాళ్లకి 2027 చివర్లో అని నా ఊహ, ఊహే సుమా. అప్పటికి నీ బీటెక్ అయిపోయి ఉద్యోగంలో ఉంటావు, అప్పటి జీతంతో అప్పటి లాప్‌టాప్ కొనుక్కో.

మిగతా గేముల సంగతి కాస్త వివరంగా చెప్పాలి. 1650కి అసలు గండం స్పీడ్ కాదు, రే ట్రేసింగ్, అంటే గేమ్‌లో వెలుతురు, నీడలు నిజంలా కనిపించేలా లెక్కగట్టే పద్ధతి. ఆ కార్డులో దానికోసం ప్రత్యేక హార్డ్‌వేర్ లేదు. 2024 డిసెంబరులో వచ్చిన ఇండియానా జోన్స్ గేమ్, 2025 మేలో వచ్చిన డూమ్ ద డార్క్ ఏజెస్, ఈ రెండూ ఆ హార్డ్‌వేర్ తప్పనిసరి అన్నాయి, సెట్టింగ్స్ ఎంత తగ్గించినా లాభం లేదు. కాబట్టి కొత్త గేమ్ కొనేముందు స్టీమ్ (పీసీ గేములు అమ్మే ఆన్‌లైన్ స్టోర్) పేజీలో కింద మినిమమ్ రిక్వైర్‌మెంట్స్ దగ్గర గ్రాఫిక్స్ అన్న వరస చదువు. తర్వాత లాప్‌టాప్‌లో కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ కలిపి నొక్కితే టాస్క్ మేనేజర్ వస్తుంది, అందులో పెర్ఫార్మెన్స్, జీపీయూకి వెళ్లి డెడికేటెడ్ జీపీయూ మెమరీ అన్నచోట ఎంతుందో చూడు. నీకు 4 జీబీ అని చూపిస్తుంది. ఇప్పుడు వచ్చే పెద్ద గేములు చాలావరకు 6 జీబీ దగ్గర మొదలవుతున్నాయి. పక్కన షేర్డ్ అని ఇంకో అంకె కూడా కనిపిస్తుంది, అది మామూలు ర్యామ్‌లోంచి తీసుకునే అప్పు, దాన్ని కలిపేసి నా దగ్గర 8 ఉందని మురిసిపోకు.

ర్యామ్ 16కి పెంచుకుంటే తేడా తెలుస్తుంది, కానీ రేటు చూసి గుండె పట్టుకోవద్దు. పాత లాప్‌టాప్‌లు రిపేర్ చేసే షాపుల్లో తీసిన ర్యామ్ దొరుకుతుంది, బిగించి ఆన్ చేసి చూపించాకే డబ్బులివ్వు. ఇంకోటి, స్టీమ్‌లో కొన్న 14 రోజుల్లోపు, ఆడింది రెండు గంటల లోపైతే రీఫండ్ ఇస్తారు. నడుస్తుందో లేదో అన్న అనుమానం ఉన్న గేమ్‌కి అంతకంటే మంచి టెస్ట్ లేదు.

*టెలిగ్రామ్‌లో జీటీఏ 6 మొబైల్ బీటా అని ఏపీకే (యాప్ ఫైల్) వచ్చింది. ఇన్‌స్టాల్ చేస్తే లోడింగ్ దగ్గరే ఆగిపోయింది. ఏవో పర్మిషన్లు అడిగితే ఇచ్చాను. ఏం చేయాలి? (బ్రాడీపేట, గుంటూరు)*

ముందు మొబైల్ డేటా, వైఫై రెండూ ఆపేసి తర్వాత చదవండి.

ఆ గేమ్‌కి మొబైల్ వెర్షన్ అంటూ ప్రకటించిందే లేదు, మీ ఫోన్‌లోకి వచ్చింది గేమ్ కాదు. లోడింగ్ దగ్గర ఆగలేదు, దాని పని అది వెనకాల చేసుకుంటూ ఉండొచ్చు. ఇలాంటివి ముఖ్యంగా అడిగేవి ఎస్ఎంఎస్‌లు చదివే పర్మిషన్, యాక్సెసిబిలిటీ. మొదటిదానితో ఓటీపీలు చూస్తాయి, రెండోదానితో స్క్రీన్ మీద మీరు చేసేదంతా చూడగలవు, మీ బదులు బటన్లు కూడా నొక్కగలవు. సెట్టింగ్స్‌లో యాక్సెసిబిలిటీకి వెళ్లి ఆ యాప్ ఆన్‌లో ఉంటే ఆఫ్ చేయండి, డివైస్ అడ్మిన్ యాప్స్‌లో ఉంటే అక్కడా తీసేయండి, ఆ తర్వాతే అన్‌ఇన్‌స్టాల్. లేకపోతే అది అన్‌ఇన్‌స్టాల్ కానివ్వదు. ఇంట్లో వేరేవాళ్ల ఫోన్ నుంచి బ్యాంకు పాస్‌వర్డ్, యూపీఐ పిన్, జీమెయిల్ పాస్‌వర్డ్ మార్చండి. రూపాయి పోయినట్టు కనిపించినా వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి, రేపు చూద్దాంలే అనుకుంటే డబ్బు ఇంకో నాలుగు ఖాతాలు దాటిపోతుంది. వీలుంటే ముఖ్యమైనవి కాపీ చేసుకుని ఫోన్ రీసెట్ కొట్టేయడం మంచిది.

*మా అబ్బాయి ఇంటర్ ఫస్టియర్. ఏదో జీటీఏ అంట, అది రాగానే కొనిపెట్టమని ఇప్పటినుంచే గొడవ. ఆన్‌లైన్ గేములు గవర్నమెంట్ బ్యాన్ చేసింది కదా, మరి ఇవెలా అమ్ముతున్నారు? (లక్ష్మీపురం, గుంటూరు)*

అమ్మా, రెండూ వేరు. 2025 ఆగస్టులో పార్లమెంటు చేసిన చట్టం డబ్బులు పెట్టి ఆడే ఆన్‌లైన్ గేముల మీద. రమ్మీ లాంటి వాటిని మన రాష్ట్రం 2020లోనే నిషేధించింది కూడా. డిస్క్ కొనుక్కుని ఇంట్లో ఆడుకునే గేములకు ఆ చట్టంతో సంబంధం లేదు.

చట్టం ఒప్పుకున్నంత మాత్రాన మీవాడికి కొనివ్వమని కాదు. జీటీఏ 5కి పెద్దలకు మాత్రమే అన్న రేటింగ్ ఉంది. కాల్పులు, బూతులు, డ్రగ్స్ అన్నీ ఉంటాయి. కొత్తది హరికథ అయిపోతుందని నేననుకోను. ఇంటర్ కుర్రాడికి ఇప్పుడే వద్దు అనే నేను చెబుతాను, వాడికి నా మీద కోపం వచ్చినా సరే. ఇంట్లో ఇప్పటికే పీఎస్5 ఉంటే మీ పేరుతో ఫ్యామిలీ మేనేజర్ అకౌంట్ పెట్టి వాడిది చైల్డ్ అకౌంట్ చేయండి. వయసు రేటింగ్, రోజుకి ఎంతసేపు, నెలకి ఎంత ఖర్చు, మూడూ మీ చేతిలో ఉంటాయి, ఖర్చు సున్నా కూడా పెట్టొచ్చు. కార్డు వివరాలు మాత్రం సేవ్ చేయకండి.

*007 ఫస్ట్ లైట్ కోసం వెయిటింగ్. కానీ మా ఇంట్లో ఏసీ లేదు, ఎండాకాలంలో పీఎస్5 విమానంలా మోత పెడుతుంది, పోయినేడు ఒకసారి దానంతటదే ఆగిపోయింది. (భవానీపురం, విజయవాడ)*

మంచి గేమ్‌కే ఎదురుచూస్తున్నారు. హిట్‌మ్యాన్ తీసిన ఐఓ ఇంటరాక్టివ్ వాళ్లది, కుర్ర జేమ్స్ బాండ్ కథ. మార్చి 27న రావాల్సింది మే 27కి జరిగింది. మార్చిలో వచ్చుంటే మీ ప్రశ్న సగం తగ్గేది, మే 27 అంటే సరిగ్గా రోహిణి కార్తె, రోళ్లు పగిలే ఎండలు.

పీఎస్5 పనిచేయాల్సిన గది ఉష్ణోగ్రత 5 నుంచి 35 డిగ్రీలని సోనీయే చెబుతోంది. మే నెల మధ్యాహ్నం మన ఊళ్లో ఏసీ లేని గది ఆ గీత ఎప్పుడో దాటేస్తుంది. కాబట్టి తప్పు మెషీన్‌ది కాదు. రాత్రి పది దాటాక ఆడండి, లేదా తెల్లవారుజామున. అద్దాల తలుపుల టీవీ షోకేస్‌లో పెట్టి ఉంటే బయటికి తీయండి, గోడకి జానెడు దూరం జరపండి. ఆ వెనక నుంచి వచ్చే వేడిగాలికి పోవడానికి దారి కావాలి.

ఇక దుమ్ము. ప్లగ్ తీసేసి, తెల్లటి సైడ్ ప్లేట్లు మెల్లగా లాగితే ఊడొస్తాయి. పాత మోడల్ అయితే లోపల అంచు దగ్గర రెండు చిన్న గుండ్రటి రంధ్రాలు కనిపిస్తాయి, దుమ్మంతా అక్కడ పోగుపడాలనే పెట్టినవి. వ్యాక్యూమ్ క్లీనర్ తక్కువ స్పీడ్‌లో పెట్టి అక్కడ పీల్చితే బూడిదరంగు దుమ్ము బయటికొస్తుంది. ఫ్యాన్ రెక్కల మీద ఉన్నది మెత్తటి బ్రష్‌తో తుడవండి. ఫ్యాన్ గిర్రున తిరిగేలా బ్లోయర్‌తో మాత్రం ఊదొద్దు.

కరెంటు సంగతి మీరు అడగలేదు గానీ, వేసవి అంటే అదీ వస్తుంది. ఇన్వర్టర్ ఉంటే వెనక యూపీఎస్ అని ఒక స్విచ్ ఉందేమో చూడండి. మామూలు మోడ్‌లో కరెంటు పోయినప్పుడు అది మారేలోపే కన్సోల్ ఆగిపోతుంది. యూపీఎస్ మోడ్‌లో ఆ మార్పు చాలా వేగంగా జరిగిపోతుంది కాబట్టి ఆట ఆగదు.

*జీటీఏని పక్కన పెడితే ఈ ఏడాది మీరు దేనికోసం ఎదురుచూస్తున్నారు? (మంగళగిరి)*

హారర్ గేమ్ రెసిడెంట్ ఈవిల్ రెక్వియమ్, ఫిబ్రవరి 27. అన్నిటికంటే ముందొచ్చేది కావడం ఒక్కటే కారణం కాదు, మళ్లీ పాత భాగాల్లోని రకూన్ సిటీకి తీసుకెళ్తున్నారు. భయపడేవాళ్లకి గ్రేస్ అనే కొత్త అమ్మాయి, కాల్చేవాళ్లకి పాత భాగాల హీరో మన లియాన్ ఉన్నారు. ఫస్ట్ పర్సన్‌లో ఆడాలా థర్డ్ పర్సన్‌లోనా అన్నది మీ ఇష్టం. మొదటి రెసిడెంట్ ఈవిల్ వచ్చింది 1996 మార్చిలో. ముప్పై ఏళ్లయినా చీకటి వరండాలో తలుపు కిర్రుమంటే ఇప్పటికీ నాకు టెన్షనే. పీఎస్5, ఎక్స్‌బాక్స్, పీసీ, నింటెండో స్విచ్ 2 అన్నిటికీ ఒకేసారి వస్తోంది, ఇదీ పద్ధతి.

తర్వాత కార్ల గేమ్ ఫోర్జా హొరైజన్ 6. ఈసారి జపాన్. అక్కడా మనలాగే ఎడమవైపు నడుపుతారు కాబట్టి, మెక్సికోలో సాగిన ఐదో భాగంలో ప్రతి మలుపులో ఎదురొచ్చే బండికి అడ్డంపడ్డ నాలాంటివాళ్లకి కాస్త సుఖం. ఇది ముందు ఎక్స్‌బాక్స్, పీసీలకు, పీఎస్5 వాళ్లకి కొంచెం ఆలస్యంగా. వుల్వరిన్ ఏడాది రెండో సగంలో అంటున్నారు. అది పీఎస్5కే. స్పైడర్‌మ్యాన్ 2 పీసీకి రావడానికి ఏడాది పైన పట్టిందని గుర్తుపెట్టుకుంటే పీసీ వాళ్లు ఎంత ఓపిక పట్టాలో తెలుస్తుంది. వుల్వరిన్ మాత్రం ఇంకో ఏడాదికి జరిగినా నేను ఆశ్చర్యపోను.

*ఎక్స్‌బాక్స్ సిరీస్ ఎస్ ఉంది, స్టోరేజ్ ఎప్పుడూ ఫుల్లే. పీఎస్5కి మారితే డిస్క్ మోడల్ తీసుకోవాలా, డిజిటలా? (తెనాలి)*

సిరీస్ ఎస్‌లో 512 జీబీ అని రాసినా మనకి మిగిలేది 364. రెడ్ డెడ్ 2 పీసీలో 150 జీబీ అడిగిందంటే జీటీఏ 6కి అంతకంటే తక్కువ ఉంటుందని అనుకోలేం. మామూలు యూఎస్‌బీ హార్డ్‌డిస్క్ కొనుక్కుని ఆడనివి అందులోకి తోసేయండి. కొత్త తరం గేములు అక్కడినుంచి నడవవు గానీ మళ్లీ లోపలికి తెచ్చుకోవడం డౌన్‌లోడ్ కంటే చాలా త్వరగా అవుతుంది. 40 ఎంబీపీఎస్ నెట్‌లో 150 జీబీ దిగాలంటే ఎనిమిది గంటలు దాటుతుంది, అదీ ఇంట్లో ఇంకెవరూ సీరియల్ చూడకపోతే.

మారడమే నిజమైతే డిస్క్ మోడలే. కథ పూర్తయ్యాక డిస్క్‌ని అమ్ముకోవచ్చు, తెనాలి, గుంటూరు, విజయవాడ స్నేహితులు ముగ్గురు కలిస్తే తలా ఒకటి కొని మార్చుకోవచ్చు. డిజిటల్‌లో కొన్నది మీ అకౌంట్‌తోనే ఉండిపోతుంది. బడ్జెట్ సరిపోక ఇప్పుడు డిస్క్ డ్రైవ్ లేని స్లిమ్ డిజిటల్ మోడల్ తీసుకున్నా ఫర్వాలేదు, డ్రైవ్ తర్వాత విడిగా కొని బిగించుకోవచ్చు. బిగించిన మొదటిసారి ఇంటర్నెట్ ఉండాలి, అది మర్చిపోకండి.