గోడలో పూడ్చిన వైరు జాయింటు: మా ఇంట్లో ఏం జరిగిందంటే

స్నానాల గదిలో గీజరును ఎదుటి గోడకు మారుస్తున్నామని, పాత వైరు మూడు అడుగులు తక్కువ వచ్చిందని, ఎలక్ట్రీషియన్ ముక్క కలిపి టేపు చుట్టి సిమెంటుతో మూసేస్తానంటున్నాడని రాశారు. అలా చేయొచ్చా, దీనికి నిబంధన ఏదైనా ఉందా అన్నది మీ ప్రశ్న. చేయకూడదు, నిబంధన ఉంది. హనుమకొండలో మా ఇంట్లో అచ్చం ఇదే పని జరిగింది. "ఏమీ కాదు సార్, గట్టిగా మెలితిప్పాను" అన్నాడు మా ఎలక్ట్రీషియన్.

రెండు చలికాలాలు నిజంగానే ఏమీ కాలేదు. మూడో ఏడు డిసెంబరులో గీజరు వేసిన పావుగంటకల్లా ఏదో కమురు వాసన రావడం మొదలైంది. మా ఆవిడ వంటింట్లో వెతికింది, నేను గీజరు మూత విప్పాను, స్విచ్ బోర్డు విప్పాను. అన్నీ బాగానే ఉన్నాయి. వారం తర్వాత బోర్డుకు జానెడు పైన, రంగు మీద అరచేతంత గోధుమ మచ్చ కనిపించింది. చెయ్యి ఆనిస్తే గోడ వెచ్చగా ఉంది. ఇంత జరిగినా ఎంసీబీ (కరెంటు మితిమీరితే దానంతటదే ఆపేసే స్విచ్) ఒక్కసారి పడలేదు.

మెయిన్ ఆపి అక్కడ పగలగొట్టించాం. టేపు జిగురంతా కారిపోయి, పాత చింతపండులా నల్లగా ముద్దకట్టింది. దాని కింద రాగి మాడిపోయి ఉంది. ఫేజు వైరు తొడుగు నాలుగు అంగుళాల మేర పెళుసెక్కి, గోటితో గీస్తే రాలింది. నాకు మరింత కోపం తెప్పించింది వేరే ఉంది: షాకు కొట్టకుండా కాపాడే ఎర్తు వైరును అసలు కలపనే లేదు. మూడేళ్లు మేం ఎర్తు లేని గీజరు కింద స్నానం చేశామన్నమాట.

ఎంసీబీ ఎందుకు పడలేదో అర్థం కావడానికి నాకు కొంత కాలం పట్టింది. 2000 వాట్ల గీజరు 230 వోల్టుల దగ్గర దాదాపు 8.7 ఆంపియర్లు తీసుకుంటుంది. జాయింటు వదులై అక్కడ అర ఓం నిరోధం చేరితే కరెంటు పెరగదు, పైగా కాస్త తగ్గుతుంది. ఎంసీబీకి అందులో తప్పేమీ కనబడదు. కానీ ఆ అర ఓం దగ్గర 35 వాట్లకు పైగా వేడి పుడుతుంది. రేడియోలు బాగుచేసేవాళ్లు సీసం కరిగించే సోల్డరింగ్ ఐరన్ మామూలుగా 25 వాట్లే. అలాంటిది గోడలో పెట్టి మూసేసినట్టే. షాకు నుంచి కాపాడే స్విచ్ ఆర్‌సీసీబీ ఉన్నా, అది కరెంటు బయటికి లీకైతేనే పడుతుంది, ఈ వేడి సంగతి దానికీ తెలియదు.

ఇక నిబంధన. మన దేశంలో ఇళ్ల వైరింగుకు ప్రమాణం ఐఎస్ 732. జాయింట్లు తనిఖీకి అందేలా ఉండాలని అది చెబుతుంది. భూమిలో వేసే కేబుళ్ల జాయింట్లు, రసాయనం పోసి సీలు చేసే జాయింట్ల వంటి కొన్నింటికే మినహాయింపు. పది రూపాయల టేపు ఆ కోవలోకి రాదు. అమెరికా కోడు కూడా మామూలుగా జాయింటుకు బాక్సు ఉండాలని, గోడ పగలగొట్టకుండా ఆ బాక్సు అందాలని అంటుంది. అయితే అక్కడి వీడియోలు చూసి ఇక్కడ పని చేయించకండి. వాళ్లవి చాలావరకు చెక్క చట్రాల గోడలు, వాటిలో కేబులు నేరుగా పోతుంది. మనకు గోడలో పైపు ఉంటుంది. పైపు వేసేదే రేపు పాత వైరు లాగి కొత్తది ఎక్కించడానికి. దాని మధ్యలో టేపు ముద్ద పెడితే ఆ దారి కూడా మూసుకుపోతుంది.

కాబట్టి ముందు అడగాల్సింది ఇది: బోర్డు నుంచి కొత్త పాయింటు దాకా ఒకే వైరు లాగగలడా? పాత వైరు కొసకు కొత్తది కట్టి లాగితే చాలాసార్లు గంటలో అయిపోతుంది. 4 స్క్వేర్ ఎం.ఎం. రాగి వైరు తీసుకోండి, ఫేజు, న్యూట్రల్, ఎర్తు మూడూ కొత్తవే వేయించండి. వైరు డబ్బులు చూసుకుని వెనకాడితే తర్వాత టైల్సు పగలగొట్టే ఖర్చు ఎక్కువ.

పైపు మూసుకుపోయి లాగడం కుదరకపోతే, పాత గీజరు పాయింటు బాక్సును మాత్రం తీసేయనివ్వకండి. వైరు అక్కడిదాకా ఎలాగూ ఉంది. దాన్నే జంక్షన్ బాక్సుగా ఉంచి, అక్కడి నుంచి కొత్త పైపు వేయించండి. బాక్సులో మెలితిప్పడం వద్దు, ఆ కరెంటుకు తగిన స్క్రూ కనెక్టర్లు పెట్టించండి, ఎర్తుతో సహా. వైరు సైజు తగ్గించవద్దు. పైన ఖాళీ ప్లేటు స్క్రూలతో బిగిస్తే సరి. అది షవరు నీళ్లు తగిలే చోట ఉంటే మాత్రం ఈ పద్ధతి వద్దు, గది బయటి గోడ మీదుగా తీసుకెళ్లమనండి.

మేం చివరికి చేసింది ఈ రెండోదే. ఆ తెల్ల ప్లేటు అందంగా లేదని మా ఆవిడ ఇప్పటికీ అంటుంది. చలికాలం మొదలవగానే ఎలక్ట్రీషియన్‌ను పిలిచి, మెయిన్ ఆపించి, దాన్ని విప్పించి స్క్రూలు బిగింపిస్తాను. పోయిన నవంబరులో న్యూట్రల్ స్క్రూ అర చుట్టు తిరిగింది.