అలైన్‌మెంట్ చేయిస్తే వణుకు పోదు, ముందు చక్రం విప్పించి తిప్పి చూడండి

కారులో బెంగళూరు నుంచి హైదరాబాద్ వెళ్తుంటే 85, 90 వేగం దగ్గర స్టీరింగ్ వణకడం మొదలవుతుందని, 110 దాటితే తగ్గిపోతుందని రాశారు. చక్రాల కోణాలు సరిచేసే అలైన్‌మెంట్ రెండుసార్లు చేయించినా అంతేనని, ఇప్పుడు సర్వీస్ సెంటర్‌లో సస్పెన్షన్ సామాను మొత్తం మార్చాలంటున్నారని, మార్పించాలా వద్దా అని అడిగారు. వద్దు. చక్రాల సంగతి తేలేదాకా సస్పెన్షన్ మీద ఒక్క రూపాయి కూడా పెట్టకండి. 110 సంగతి చివర్లో మాట్లాడుకుందాం.

బెంగళూరులో టైర్ల షాపుకి వెళ్లి "స్టీరింగ్ వణుకుతోంది" అని అన్నామంటే చాలు, బండిని అలైన్‌మెంట్ ర్యాంప్ ఎక్కించేస్తారు. కంప్యూటర్ తెర మీద ఎర్రగా ఉన్న అంకెలు పచ్చగా మారడం చూపించి, బిల్లు చేతిలో పెట్టి పంపిస్తారు. అలైన్‌మెంట్ తప్పితే బండి ఒక పక్కకి లాగుతుంది, టైరు ఒక అంచున ఎక్కువ అరుగుతుంది. అంతేగానీ ఫలానా వేగానికి రాగానే స్టీరింగ్ వణకదు. అలా వణికిందంటే నూటికి తొంభై పాళ్లు చక్రంలోనే ఉంటుంది లోపం. ఇది నా లెక్క. ఏ మెకానిక్ వచ్చి వాదించినా నేను తగ్గను.

ఎందుకంటారా? మామూలు కారు చక్రం చుట్టుకొలత రెండు మీటర్లకు కాస్త తక్కువ. 100 వేగంలో అది సెకనుకు 14 సార్లు తిరుగుతుంది. రిమ్ము అంచున ఒక పక్క 30 గ్రాముల తేడా ఉందనుకోండి, ఆ వేగంలో అది నాలుగు కిలోల పైచిలుకు బలంతో చక్రాన్ని గుంజుతుంది. 50లో అందులో పావు వంతే. అందుకే మారతహళ్లి ట్రాఫిక్‌లో ఏడాదంతా తిరిగినా మీకు తెలియదు, హైవే ఎక్కి దేవనహళ్లి దాటాక తెలుస్తుంది. పైగా చక్రానికీ సస్పెన్షన్‌కీ ఊగడానికి తమదంటూ ఒక లయ ఉంటుంది. చక్రం తిరిగే జోరు ఆ లయతో కలిసినచోట వణుకు చేతికి తగులుతుంది. అది దాటితే తగ్గినట్టు అనిపిస్తుంది. లోపం మాత్రం ఎక్కడికీ పోదు.

నా సంగతి చెప్తాను. మాది అనంతపురం, ఉండేది బెంగళూరు రామమూర్తినగర్‌లో. అలాయ్ వీల్స్ లేని బండి నాది, ఉక్కు రిమ్ముల మీద ప్లాస్టిక్ మూతలు. నాకూ సరిగ్గా మీలాగే వచ్చింది. ఒకచోట అలైన్‌మెంట్, ఇంకోచోట బ్యాలెన్సింగ్, అంటే సీసం బిళ్లలు కొట్టి చక్రం చుట్టూ బరువు సమానం చేసే పని, చేయించాను. బ్యాలెన్సింగ్ మిషన్‌లో సున్నా వచ్చింది, నా కళ్లతో చూశాను. సర్వీస్ సెంటర్ కుర్రాడు ట్యాబ్ పట్టుకొచ్చి, లోయర్ ఆర్మ్‌లు, స్ట్రట్ మౌంట్‌లు, "స్టీరింగ్ ర్యాక్ కూడా ఒకసారి చూడాలి సార్" అంటూ నా నెల జీతంలో మంచి భాగానికి ఎస్టిమేట్ వేశాడు. అతను బండి నడిపి చూడలేదు. చక్రం విప్పలేదు. చేతికి గ్రీజు అంటిన జాడ కూడా లేదు. ఎలుక మీద కోపంతో ఇంటికి నిప్పు పెట్టడమంటే ఇదే.

దసరాకి ఊరికి బయల్దేరాం. చిక్కబళ్లాపురం దాటేసరికి పక్కనున్న బావమరిది మొదలుపెట్టాడు. "బావా, స్టీరింగ్‌కి వైబ్రేటర్ పెట్టించినావా?" కొడికొండ చెక్‌పోస్టు దాకా అదే జోకు. పెనుకొండ దగ్గర వెనక సీట్లోంచి మా ఆవిడ, "ఎనభై లోపల పోతే ఏం పోతుందండీ" అంది. నిజమే, ఏమీ పోదు. కానీ అది రిపేరు కాదు కదా.

ఊళ్లో మా నాన్న చెప్పిన పెద్దాయన దగ్గరికి తీసుకెళ్లాను. లారీ టైర్ల పనిలో తల పండినాయన. నేను చెప్పేది సగమే విన్నాడు. ముందు ఎడమ చక్రం దగ్గర గొంతుక్కూర్చుని, టైరు లోపలివైపు చెయ్యి పెట్టి తడిమాడు.

"బెంగళూరు బండా సామీ?"

"అవునన్నా."

"తెలుస్తాంది."

చక్రం విప్పి నేల మీద పడుకోబెట్టాడు. లోపలి అంచుకి సీసం బిళ్లలు వరసగా ఉన్నాయి, తుప్పుపట్టినవి కొన్ని, నిగనిగలాడేవి కొన్ని. పాతవి తీయకుండా పక్కనే కొత్తవి కొట్టుకుంటూ పోయారు. "ఇన్ని ఎవురు కొట్టినారు?" అంటూ పటకారుతో ఒక్కొక్కటీ పీకి స్టీలు పళ్లెంలో వేశాడు. తర్వాత చక్రాన్ని మిషన్‌కి బిగించి, కరెంటు వెయ్యకుండా చేత్తో మెల్లగా తిప్పుతూ, రిమ్ము లోపలి అంచుకి వెంట్రుకవాసి దూరంలో సుద్దముక్క కదలకుండా పట్టుకున్నాడు. చక్రం తిరుగుతోంది, సుద్ద తగలడం లేదు. ఒక్కచోట మాత్రం కిర్రుమంది. మళ్లీ తిప్పాడు, మళ్లీ అక్కడే. ఆపి చూస్తే జానెడు మేర తెల్లటి గీత. అక్కడ అంచు బయటికి తోసుకొచ్చి ఉంది. కంటికి ఆనలేదు గానీ వేలు పెడితే తెలిసింది.

"మిషన్ ఏం చెప్తాదంటే, యాడ బరువు తక్కువుంటే ఆడ సీసం పెట్టమంటాది. రిమ్ము గుండ్రంగా ఉందా లేదా అంటే దానికి పట్టదు. అది నువ్వు సూడాల."

ఆ ముక్క చాలు. బరువు సరిచేస్తే మిషన్‌లో సున్నా వస్తుంది, కానీ వంగిన రిమ్ము తిరిగిన ప్రతిసారీ రోడ్డుని ఒక్క తాపు తన్నుతూనే ఉంటుంది. కొత్త సీసం కొట్టేటప్పుడు పాతవి తీయమని చెప్పండి. ఒక్క చక్రానికే 60, 70 గ్రాములు తగిలించాల్సి వస్తోందంటే అక్కడే ఆగి, రిమ్మో టైరో తేడాగా ఉందని అనుమానించండి.

స్టెప్నీ అదే సైజు కాబట్టి దాన్ని ముందుకి వేసి పంపాడు. గుత్తి రోడ్డెక్కి 90 పట్టాను. బావమరిది నీళ్లసీసా మూత డ్యాష్‌బోర్డు మీద బోర్లా పెట్టి కళ్లార్పకుండా చూస్తూ కూర్చున్నాడు. అది కదల్లేదు. ఉక్కు రిమ్ముని సుత్తితో సరిచేస్తానన్నాడు పెద్దాయన. నేను వద్దని, బెంగళూరు వచ్చాక జేసీ రోడ్డులో కొత్త రిమ్ము కొన్నాను. ఎస్టిమేట్ వేసిన కుర్రాడికి మళ్లీ కనబడలేదు.

రిమ్ము ఎక్కడ వంగిందో కూడా నాకు తెలుసు. కేఆర్ పురం దగ్గర సర్వీస్ రోడ్డులో, వాననీళ్లు నిండిన గుంతలో. నీళ్లు నిండితే గుంత లోతు ఎలా తెలుస్తుంది? గుంతల్ని మించినవి హంపులు. రంగు ఉండదు, బోర్డు ఉండదు, ఎవరి ఇంటి ముందు వాళ్లే పోసుకున్నట్టు ఉంటాయి. కారు చక్రాలకి బెంగళూరు చేసే చెరుపు హైవేలు చెయ్యవు. టైర్ల రబ్బరు తక్కువగా, రిమ్ములు పెద్దగా ఉన్న బండ్ల మీద మోజు పెరిగాక రిమ్ములు వంగడం ఇంకా ఎక్కువైంది. రబ్బరు పక్కగోడ పొట్టిగా ఉంటే దెబ్బ నేరుగా రిమ్ముకే తగులుతుంది.

ఇక మీ బండి సంగతి. ముందు చక్రాలు రెండూ వెనక్కి, వెనకవి ముందుకి మార్పించి అదే రోడ్డు మీద అదే వేగంలో పోయి చూడండి. స్టీరింగ్ ఊరుకుని సీటు కింద వణుకు మొదలైతే లోపం ఆ రెండు చక్రాల్లోనే ఉంది, ఇక వేరే విచారణ అక్కర్లేదు. అప్పుడు వాటిని మిషన్ మీద తిప్పించి, పక్కన నిలబడి రిమ్మునీ టైరునీ విడివిడిగా చూడండి. టైరు పక్కగోడ ఎక్కడైనా ఉబ్బి ఉంటే ఆ టైరుతో హైవే ఎక్కొద్దు, లోపలి అల్లిక దెబ్బతిందన్నమాట. రిమ్ము లోపల బురద గడ్డకట్టి ఉన్నా ఇదే వణుకు వస్తుంది, బకెట్ నీళ్లతో పోతుంది. పంక్చర్ వేయించుకున్న మర్నాటి నుంచే మొదలైందంటే అన్నిటికన్నా ముందు నట్లు బిగువుగా ఉన్నాయో లేదో చూడండి. ఆ ఒక్క విషయంలో మాత్రం ఆలస్యం చేయొద్దు. యాక్సిలరేటర్ తొక్కినప్పుడే వణికి, కాలు తీయగానే ఆగిపోతే ఇంజిన్ బలాన్ని చక్రానికి చేర్చే డ్రైవ్ షాఫ్ట్ లోపలి జాయింట్ చూపించండి.

నైట్రోజన్ గాలి కొట్టిస్తే పోతుందని మా అపార్ట్‌మెంట్‌లో ఒకాయన గట్టిగా చెప్పాడు. మీకూ ఎవరో ఒకరు చెప్తారు. గాలి మార్చితే వంగిన రిమ్ము నిటారవదు.

110 గురించి. మధ్యలో డివైడర్ ఉన్న నాలుగు లేన్ల రోడ్డు మీద కార్లకి 2018 కేంద్ర నోటిఫికేషన్ పెట్టిన గరిష్ఠం 100. వణుకు పోయిందని ఆ పైన హాయిగా పోతున్నారేమో, ఆ వేగంలో అదే చక్రం ఇంకా గట్టిగా గుంజుతూ ఉంటుంది, దెబ్బ బేరింగులకీ జాయింట్లకీ పోతుంది. అలా కొన్నాళ్లు తిప్పితే సర్వీస్ సెంటర్ వాళ్లు చెప్పిన సస్పెన్షన్ పని నిజంగానే వచ్చిపడుతుంది.

ఒకటి మీరు రాయలేదు. వణుకు మామూలుగా పోతున్నప్పుడు వస్తోందా, బ్రేక్ తొక్కినప్పుడేనా? బ్రేక్ మీదే అయితే నేను చెప్పిన చక్రాల గొడవ వదిలేసి బ్రేక్ డిస్కుల మందం కొలిపించండి. అలాగే టైరు పక్కగోడ మీద ఇంగ్లీషులో DOT అని ఉన్న వరస చివర్లో నాలుగంకెలు ఉంటాయి, 2319 అని ఉంటే 2019లో 23వ వారం తయారైనదని. మీ నాలుగు టైర్లవీ చూసి కింద రాయండి.